పాటల పెట్టె ఎవరి చేతిలో?

మా ఇంట్లో పొద్దున్న అయిదింటికి కుక్కర్ కన్నా ముందు మోగేది సుప్రభాతం. మామయ్యగారు రిటైరైనప్పుడు ముచ్చటపడి కొన్న యాంప్లిఫయరు, నడుం ఎత్తు స్పీకర్లు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఆయన పోయి నాలుగేళ్లయినా అలవాటు మాత్రం పోలేదు. అత్తయ్యగారు లేచి, ఎమ్మెస్ సీడీ పెట్టి, బొత్తాం నొక్కి, ఆ తర్వాతే డికాక్షన్ వేసేవారు.

పోయిన దసరాకి సీడీ ప్లేయర్ మూలపడింది. లోపలి లెన్స్ పోయిందనీ, ఆ మోడల్‌కి ఇప్పుడు దొరకదనీ రిపేరు షాపాయన తేల్చేశాడు.

"ఈ రోజుల్లో ఇంకా సీడీలేంటి? అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దాం" అన్నారు మా వారు. అబ్బాయికీ హుషారొచ్చింది. ఉన్నవి 140 సీడీలు. నాణ్యత తగ్గకుండా ఫ్లాక్ పద్ధతిలో దాచాలన్నాడు వాడు. ఎంపీ3 అయితే చోటు కలిసొస్తుంది కానీ పాటలో కొంత భాగం శాశ్వతంగా పోతుందట. ఫ్లాక్ అలా కాదు, బట్టలు మడతపెట్టి సర్దినట్టు. విప్పితే మళ్లీ మొత్తం ఉంటుంది. సీడీకి 350 ఎంబీ చొప్పున వేసుకున్నా అన్నీ కలిపి 50 జీబీ దాటలేదు.

పాత లాప్‌టాప్‌ని తెచ్చి యాంప్లిఫయర్‌కి తగిలించారు. మొదటిరోజే స్పీకర్లలో జుమ్మని సన్నటి రొద. ఛార్జర్ పీకేస్తే పోతుంది, పెడితే వస్తుంది. ఆలాపన నెమ్మదించిన చోట లాప్‌టాప్ ఫ్యాన్ బుస్సుమంటుంది. కీర్తన మధ్యలో ఎవరిదో మెయిల్ వచ్చి "టింగ్" మంటుంది. ఒకరోజైతే అప్‌డేట్ అంటూ అరగంట ముడుచుకు కూర్చుంది.

"డాక్ కొంటే సరి" అన్నారు మా వారు. కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది కదా. ఆ అంకెల్ని యాంప్లిఫయర్ అందుకోగలిగేలా మార్చే చిన్న పెట్టె అది. ఇక రోజూ రాత్రి అన్నం తిన్నాక తండ్రీకొడుకులు అదే చర్చ. 16 బిట్లా, 24 బిట్లా? 44.1 చాలా, 192 కావాలా? మన సీడీలన్నీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌వే అయినప్పుడు 192తో మనకేం పనో నాకైతే అర్థం కాలేదు.

ఈ గొడవలో ఒక సంగతి నేను ఆలస్యంగా గమనించాను. పొద్దున్నపూట ఇల్లు మూగబోయింది.

"సుప్రభాతం పెట్టుకోవట్లేదేం అత్తయ్యా?" అన్నాను.

"అబ్బాయి లేచాక పెడతాడులే అమ్మాయ్. పడుకున్నవాణ్ణి లేపడమెందుకు?"

వాడు లేచేది ఏడున్నరకి. అప్పుడు సుప్రభాతమేమిటి! పాస్‌వర్డు కొట్టాలి, మౌస్ కదపాలి, ఇంగ్లీషు అక్షరాల్లో పాట వెతకాలి. నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి, తన ఇంట్లో ఒక్క పాటకి మనవడి వీలు చూసుకుంటున్నారు. అడగడం ఇష్టంలేక మానేశారు. ఆలోచిస్తే నేనూ మధ్యాహ్నాలు పాటలు మానేశాను. తీరికలేక అనుకున్నాను. అసలు కారణం అదీ.

ఆ రాత్రి చర్చలో నేనూ కూర్చున్నాను. "ఏవండీ, అత్తయ్యగారు ఎవరినీ పిలవకుండా పెట్టుకోగలిగేది ఏదో ముందు చెప్పండి. బిట్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నిజమే, ఇది నాకు తట్టనేలేదు" అన్నారు.

చివరికి కొన్నది అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్, ఓ మోస్తరు డాక్. ఫ్యాన్ లేదు, తెర లేదు, మెయిళ్లు రావు. రొద కూడా పోయింది. అందులో వాల్యూమియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు అబ్బాయి. మూలన పడున్న టాబ్లెట్‌ని స్టాండులో పెట్టి, దాంతోనే పాటలు ఎంచుకునేలా చేశాడు.

పేర్ల పని నేను తీసుకున్నాను. ఇంగ్లీషులో త్యాగరాజస్వామి కృతి ఒక్కోటి ఒక్కో సీడీలో ఒక్కో స్పెల్లింగు. "ఎందరో" ఒకచోట 'ఇ'తో, ఇంకోచోట 'వై'తో. వెతికితే సగం దొరకవు. కొన్నిటికైతే ఒట్టి "ట్రాక్ 1". మూడు వారాల మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ తెలుగులో కొట్టాను. అత్తయ్యగారు పక్కన కూర్చుని, మొదటి స్వరాలు వినగానే కృతీ రాగమూ చెప్పేవారు. ఆవిడకి ఇంత సంగీతం తెలుసని, కోడలినై వచ్చిన ఇన్నేళ్లకి తెలిసింది నాకు!

మీరూ ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే రెండు మాటలు. పాటలన్నీ ఇంకో డిస్క్‌లో కూడా దాచుకోండి. ఆ చిన్న కంప్యూటర్‌ని గోడ స్విచ్‌తో టక్కున ఆపేయకండి, మెమరీ కార్డు పాడవచ్చు. మేం స్విచ్ మీద "ఆపవద్దు" అని కాగితం అంటించాం. డాక్ ఏది కొనాలో మీ వారే చెబుతారు లెండి. ఎవరు వింటారు, వాళ్ల చేతికి అందుతుందా అన్నది మాత్రం మీరే అడగాలి.

మొన్న తెల్లవారుజామున మెలకువ వచ్చింది. హాల్లోంచి ఎమ్మెస్ గొంతు వినబడుతోంది. టైము చూశాను. అయిదూ పది. డికాక్షన్ వాసన ఇంకా రాలేదు. కాసేపు అలాగే పడుకుని విన్నాను.