హిమసముద్రపు అడుగున

వైశాఖమాసపు ఎండలకు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల చెరువులలో నీరు తగ్గి, అంచులవెంట బురద బీటలు వారును. ఆ బురదను పెల్లగించిన బాలురకు లోపల గుండ్రని నత్తలు దొరకును. వాటి వాకిళ్లు గట్టి మూతలతో బిగింపబడియుండును. చచ్చినవని బాలురు వాటిని విసరివేయుదురు గాని, అవి చచ్చినవి కావు. ఆహారము మాని నిద్రించుచున్నవి. మృగశిర కార్తెలో, అనగా ఆ ప్రాంతపు రైతులు ‘మిరుగు’ అని పిలుచు కార్తెలో, వానలు కురిసి నీరు చేరగానే నత్త మూత తెరచి, ఏమియు జరుగనట్లు పాకిపోవును. మాఘమాసపు తెల్లవారుజాము చలియు, వైశాఖపు మిట్టమధ్యాహ్నపు వేడియు దానికి పరిచితములే. నీరు కొన్ని డిగ్రీలు ఎక్కి దిగినంతమాత్రమున అది కలతచెందదు.

ఈ నత్తకు జ్ఞాతులనదగిన జీవులు భూగోళపు దక్షిణపు కొనయందు, అంటార్కిటికా ఖండమును చుట్టియున్న సముద్రపు అడుగున కలవు. కాని వాటి బ్రతుకు వేరు. అచ్చటి తీరపు నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునను సున్నకు దిగువ సుమారు రెండు డిగ్రీలకును, పైన ఒకటి రెండు డిగ్రీలకును నడుమనే యుండును. ఉప్పునీరు గనుక సున్నవద్ద అది గడ్డకట్టదు. కోటి సంవత్సరములకు పైగా ఆ సముద్రము చల్లగనే యున్నది. ఆ చలిలో స్పంజులు, నక్షత్రచేపలు, సముద్రపు సాలీళ్లు, ఆల్చిప్పలు మిక్కిలి మెల్లగా పెరుగుచు, దీర్ఘకాలము జీవించుచున్నవి. 2025 జనవరిలో సుమారు 510 చదరపు కిలోమీటర్ల మంచుకొండ యొకటి అచ్చటి మంచుఫలకమునుండి విడిపోయినది. సమీపముననున్న శాస్త్రజ్ఞులు వెంటనే ఓడను ఆ చోటికి మరల్చి, యంత్రమును లోతునకు దింపి చూచిరి. అంతకాలము మంచు కప్పుక్రింద చీకటిలోనున్న ఆ నేలపై పెద్ద పెద్ద స్పంజులును పగడములును కనబడినవి.

ఇట్టి జీవులు వేడిని ఎంతవరకు సహింపగలవు? బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే సంస్థకు చెందిన లాయిడ్ పెక్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఈ ప్రశ్నను పరీక్షించి 2004లో ఫలితములను ప్రకటించిరి. వారు ఎన్నుకొన్నవి మూడు జీవులు. మొదటిది బురదలో పూడియుండు ఆల్చిప్ప. పైకి తేలినచో తిరిగి పూడుకొనవలెను. రెండవది టోపీవంటి చిప్పగల రాతినత్త. వెల్లకిల పడినచో తిరుగబడవలెను. మూడవది విసనకర్రవంటి చిప్పజీవి. శత్రువు వచ్చినచో చిప్పలాడించి ఈదిపోవలెను. నీరు 2, 3 డిగ్రీలకు చేరునప్పటికే మొదటి రెండు జాతులలో సగము తమ పనిని చేయలేకపోయినవి. 5 డిగ్రీలవద్ద ఒక్కటియు చేయలేదు. ఈదునట్టిది 2 డిగ్రీలకే ఈత మానినది.

ఇచ్చట గమనింపదగిన విషయము, ఆ జీవులు చావకముందే అశక్తములైనవి. ప్రాణమున్నది, పని లేదు. వెల్లకిల పడి లేవలేని నత్తను నక్షత్రచేప తినివేయును. దానికి వేడియే చంపినదా, శత్రువే చంపినదా అను విచారణ ఎవరు చేయుదురు? కారణము కొంతవరకు ఊపిరికి సంబంధించినది. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును; దేహమునకు కావలసిన ప్రాణవాయువు మాత్రము పెరుగును. వేడికి చెడిన మాంసకృత్తులను సరిచేయు ఏర్పాటు సాధారణముగా జీవులలో నుండును. ఈ చలి జీవులలో కొన్నిటికి అదియు కొరవడినది. అవసరము లేని పనిముట్టు ఇంటినుండి పోయినట్లు పోయినది.

ఇక మంచుకొండల బాధ వేరు. శీతకాలమున సముద్రముపై గట్టిపడు మంచు మంచుకొండలను కదలనీయదు. ఆ మంచు నిలుచు దినములు తగ్గినచో, అవి తీరమున తిరుగాడి, నాగలివలె సముద్రపు నేలను దున్నివేయును. వెలికివచ్చిన ఆల్చిప్ప తిరిగి పూడుకొనవలసినది సరిగా అప్పుడే.

వేడి వలన లాభపడు జీవియు లేకపోలేదు. సముద్రపు అడుగున పలకలనుంచి వాటిని ఒక డిగ్రీ మాత్రము వేడిచేసి చూచిన ప్రయోగ మొకటి 2017లో వెలువడినది. రాళ్లనంటి గుంపులుగా పెరుగు ఒక చిన్న జీవి రెట్టింపు వేగమున పెరిగి, ఆ పలకలను ఆక్రమించినది. తక్కిన జాతులకు చోటు కొరవడినది.

సముద్రము నిజముగా అంతగా వేడెక్కుచున్నదా? అంటార్కిటికా ద్వీపకల్పమునకు పడమరనున్న సముద్రపు ఉపరితల జలము గత శతాబ్దపు ఉత్తరార్ధమున, వేసవికాలములందు, ఒక డిగ్రీకి పైగా వేడెక్కినది. మహాసముద్రముల వేడిని నేడు కనిపెట్టుచున్న సంస్థలలో నొకటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే, ప్రగతినగర్‌లో కలదు. దానిని ఇన్‌కాయిస్ అందురు. 1999లో ఏర్పడినది. సముద్రమునకు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరమున నుండి సముద్రపు నాడిని చూచుట విడ్డూరముగా తోచును. ఆర్గో తేలికయంత్రములు పదేసి దినములకొకమారు రెండువేల మీటర్ల లోతునుండి పైకి వచ్చి, దారిలో కొలిచిన ఉష్ణోగ్రతను, ఉప్పదనమును ఉపగ్రహము ద్వారా పంపును. హిందూమహాసముద్రపు ఆర్గో లెక్కలు ఈ సంస్థకు చేరును. భూమిపై చేరిన అదనపు వేడిలో నూటికి సుమారు 90 పాళ్లు సముద్రములే గ్రహించినవని ఇట్టి కొలతలవలననే తెలిసినది.

నీరు వేడెక్కినపుడు ఇతర సముద్రములందలి చేపలును నత్తలును తరతరములుగా ధ్రువముల దిక్కునకు, చల్లని నీటికి, జరుగుచుండును. అంటార్కిటికా తీరపు ఆల్చిప్పకు ఆ దారి లేదు. దానికి దక్షిణమున నున్నది మంచు కప్పిన నేల.