గీతే కదా అనుకున్నాను

జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన బండి నడుపుతారు. ఒకినావాలో కారు అద్దెకు తీసుకునే నాటికి నాకు గట్టిగా తెలిసింది అదొక్కటే. ఆ ధీమాతో ఒప్పందం కాగితాలు చదవకుండానే సంతకం పెట్టాను.

నిజానికి ఆ ద్వీపానికి ఎడమ పక్క అలవాటు మరీ పాతదేమీ కాదు. యుద్ధం తర్వాత అమెరికా పాలనలో ఉన్నన్నాళ్లూ అక్కడి బండ్లు కుడి పక్కనే నడిచాయి. 1972లో జపాన్‌లో తిరిగి కలిశాక కూడా ఆరేళ్లపాటు అంతే. 1978 జూలై 30న ద్వీపమంతా ఒక్కసారిగా ఎడమకు మారింది. ఆ రోజు కోసం అక్కడి జనం ఎంత సిద్ధపడి ఉంటారో అని ఇప్పుడు తలచుకుంటుంటాను.

పర్మిట్ విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాను. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌నే జపాన్ ఒప్పుకుంటుంది. మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చేది అదే. ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు, పాస్‌పోర్టు కూడా దగ్గరుండాలి. ఇంటర్నెట్‌లో ఎవరెవరో అమ్మే కార్డులు అక్కడ చెల్లవు.

తొలి తడబాటు నాహా నగరంలోనే. సిగ్నల్ ఎర్రగా ఉండగానే ఎడమకు తిప్పబోయాను. మన ఊళ్లో ఫ్రీ లెఫ్ట్ కదా, చేతులు వాటంతటవే తిప్పేశాయి. పక్క సీట్లోంచి మా ఆవిడ కేక వేయడంతో బ్రేకు తొక్కాను. జీబ్రా గీతల మీద ఒక పెద్దావిడ నడిచి వెళుతోంది. అక్కడ ఎడమకు తిరగాలన్నా పచ్చ లైటు పడేదాకా ఆగాల్సిందే. ‘ఆగు’ అని రాసి ఉన్న ఎర్రటి తిరగేసిన త్రిభుజం బోర్డు దగ్గర రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. నెమ్మదిస్తే సరిపోదు.

అసలు తప్పు ఉత్తరాన, నకిజిన్ కోట శిథిలాలు చూసి వస్తున్నప్పుడు జరిగింది. ఆ వేళకు వాన పట్టుకుంది. ఒకినావా రోడ్ల తారులో అక్కడి పగడపు సున్నపురాయి కంకర కలుస్తుంది. అది త్వరగా అరిగి నున్నబడుతుంది కాబట్టి తడిస్తే టైర్లు జారతాయని అక్కడివాళ్లు హెచ్చరిస్తూనే ఉంటారు. పార్కింగులో వెనక్కి తీస్తుంటే బ్రేకు పట్టేలోపు బంపరు రాతి గోడకు ఒరుసుకుంది. దిగి చూశాను. గోడకు ఏమీ కాలేదు. బంపరు మీద జానెడు గీత.

“పోలీసులకు చెబుదామండీ” అంది మా ఆవిడ.

“గీతే కదా, కారు ఇచ్చేటప్పుడు చెబుదాంలే” అన్నాను. భాష రాదన్న భయం కొంత, చీకటి పడేలోగా హోటలుకు చేరాలన్న తొందర కొంత.

కారు తిరిగి ఇస్తూ గీత చూపించాను. కౌంటరు దగ్గరి అమ్మాయి మర్యాదగా అడిగింది ఒక్కటే: పోలీసులకు తెలియజేశారా? లేదన్నాను. అయితే బీమా వర్తించదని చెప్పి, నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఆ వాక్యం చూపించింది. మరమ్మతు ఖర్చంతా నా మీదే పడింది. దాని పైన ఇంకో రుసుము. కారు రిపేరులో ఉన్నన్నాళ్లూ అద్దెకు ఇవ్వలేరు కాబట్టి ఆ నష్టానికి కట్టేది. మా ఒప్పందంలో, కారు నడిచే స్థితిలో తిరిగొస్తే 20 వేల యెన్‌లు, లేకపోతే 50 వేలు. మామూలు బీమా ఉన్నా ఈ రుసుము తప్పదు. దాన్ని కూడా మాఫీ చేసే అదనపు ప్యాకేజీ ఉంటుంది. కారు తీసుకునేటప్పుడు ఇదే కౌంటరులో నన్ను అడిగితే వద్దన్నాను.

డబ్బు పోయినందుకంటే ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధించింది. ప్రమాదం ఎంత చిన్నదైనా పోలీసులకు చెప్పడం అక్కడ చట్టం. అంటే నేను ఒక దేశానికి అతిథిగా వెళ్లి ఆ దేశపు చట్టాన్ని మీరి వచ్చాను.

మీరు వెళ్తుంటే ఆ అదనపు ప్యాకేజీ తీసుకోండి. బండికి చిన్న గీత పడినా అక్కడి నుంచి కదలకుండా ముందు 110కి ఫోన్ చేయండి, తర్వాత అద్దె సంస్థకు. జపనీస్ రాకపోతే పక్కనున్న దుకాణంలో అడగండి, చేసి పెడతారు.