అందరూ నెమలే ఎందుకు అడిగారు?

పెడన కలంకారీలో నలుపు వెంటనే కనిపిస్తుంది. ఎరుపు మాత్రం తీరిగ్గా వస్తుంది. కరక్కాయ రసం, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసింతో అచ్చు కొడితే అక్కడికక్కడే నల్లగా దిగుతుంది. ఎరుపు కావాల్సిన చోట కొట్టేది పటిక. కొట్టిన రోజు ఆ ఎరుపు ఉండదు. పారే నీళ్లలో జాడించి, రాగి కాగులో వేరు రంగుతో ఉడికించినప్పుడు పటిక పడ్డ చోటే ఎర్రబడుతుంది. అచ్చు ఎప్పుడో పడింది, ఫలితం ఇప్పుడొచ్చింది. మధ్యలో గుర్తుపెట్టుకున్నది గుడ్డ.

జావాస్క్రిప్ట్‌లో క్లోజర్ అంటే ఏంటని ఎవరైనా అడిగితే ముందు ఇదే చెబుతాను. బటన్‌కి మనం కట్టే ఫంక్షన్ పేజీ తెరుచుకున్నప్పుడే పుడుతుంది. పని చేసేది మాత్రం తర్వాతెప్పుడో, ఎవరో నొక్కినప్పుడు. తను పుట్టిన చోట చుట్టూ ఉన్న వేరియబుల్స్‌ని అప్పటిదాకా వదలకుండా పట్టుకునే ఉంటుంది. అదే క్లోజర్. ఇంటర్వ్యూ కోసం ఈ మాట అందరం బట్టీ పడతాం. దీనికీ మనుషుల కూలికీ సంబంధం ఉందని నాకు తెలిసింది మా మావయ్య అద్దకం షెడ్డు వల్ల.

ఆయనకి ఎవరో చిన్న సైట్ చేసిచ్చారు. ఆరు డిజైన్లు, ఒక్కోదాని కింద ‘ఆర్డర్’ బటన్. చీర అందాకే డబ్బులు. ఒకరోజు మావయ్య ఫోన్ చేసి, “అమ్మాయ్, జనానికి నెమలి పిచ్చి పట్టిందే! ఒక్కరు కూడా పువ్వులు అడగట్లేదు. రేపు గుడ్డంతా నెమలికే తడిపిస్తున్నా” అన్నాడు.

“ఒక్కరోజు ఆగు మావయ్యా” అన్నాను. ఎందుకంటే పేజీలో చివరి డిజైన్ నెమలే. అనుమానంతో పువ్వుల చీర కింద నొక్కి చూశాను. సర్వర్‌కి వెళ్లిన రిక్వెస్ట్‌లో నెమలి ఉంది!

కోడ్ తెరిస్తే అనుకున్నదే. ఒక లూప్, అందులో ‘వార్’తో పెట్టిన డిజైన్ అనే వేరియబుల్. లూప్ ఆరుసార్లు తిరిగినా వార్‌తో తయారయ్యే డబ్బా ఒక్కటే. ఆరు బటన్ల ఫంక్షన్లూ ఆ ఒక్క డబ్బానే పట్టుకున్నాయి. చివరి చుట్టులో అందులో నెమలి పడి, అలాగే ఉండిపోయింది. గుడ్డ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. గుడ్డ పటికనే పట్టుకుంటుంది. క్లోజర్ పట్టుకునేది విలువని కాదు, విలువ పెట్టిన డబ్బాని. నొక్కే సమయానికి డబ్బాలో ఏముంటే అదే వెళుతుంది.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడు. అప్పుడున్నది వార్ ఒక్కటే. 2015 ప్రమాణంతో ‘లెట్’, ‘కాన్‌స్ట్’ వచ్చాయి. లూప్ లోపల వీటితో పెడితే ప్రతి చుట్టుకీ కొత్త డబ్బా. ఆరు బటన్లకి ఆరు. వార్ తీసి కాన్‌స్ట్ పెట్టాను. ఒక్క మాట మారింది, అంతే.

కానీ అప్పటికే వచ్చిన ఆర్డర్లని ఏ కోడూ సరిచేయలేదు. మావయ్య ఒక్కొక్కరికీ ఫోన్ చేసి “మీరు ఏది నొక్కారమ్మా?” అని అడగాల్సి వచ్చింది. అడగకపోతే? చీర పూర్తవడానికి రోజులు పడుతుంది. ఉతికేవాళ్లు, అచ్చు కొట్టేవాళ్లు, కాగు దగ్గర నిలబడేవాళ్లు... వాళ్ల రోజులన్నీ ఎవరూ అడగని నెమళ్ల మీద పోయేవి.

ఆ ఫోన్లలోనే ఇంకోటి బయటపడింది. ఒకావిడ పేరు మీద మూడు చీరలున్నాయి. ఆవిడకి కావాల్సింది ఒక్కటే. సిగ్నల్ సరిగా లేదు, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, మళ్లీ మళ్లీ నొక్కింది. మనమైనా అంతే కదా! మూడు క్లిక్‌లు, మూడు రిక్వెస్ట్‌లు.

దీనికీ మందు క్లోజర్‌లోనే దొరికింది. బటన్ ఫంక్షన్ పక్కన ‘పంపుతున్నానా?’ అనే వేరియబుల్ పెట్టాను. మొదటి క్లిక్‌కి అది ‘అవును’ అవుతుంది, బటన్ మూసుకుని “పంపుతున్నాం...” అని చూపిస్తుంది. జవాబు వచ్చినా, ఫెయిలైనా మళ్లీ తెరుచుకుంటుంది. ఇంత చేసినా ఒక కంత మిగిలింది. ఆర్డర్ సర్వర్‌కి చేరి, జవాబు దారిలో పోతే? మనిషి మళ్లీ నొక్కుతుంది. అందుకే ప్రతి ఆర్డర్‌కీ ఒక నంబర్ ముందే పుట్టించి, జవాబు అందేదాకా క్లోజర్‌లో దాచాను. ఎన్నిసార్లు నొక్కినా వెళ్లేది అదే నంబర్. సర్వర్ దాన్ని రెండోసారి చూస్తే కొత్త ఆర్డర్ రాయదు.

మీరూ ఏదైనా ప్రాజెక్టు చేస్తుంటే ఈ రాత్రే రెండు పనులు చేయండి. లూప్‌లో వార్ ఉందేమో వెతకండి. నెట్ స్లో చేసి, బటన్‌ని మూడుసార్లు నొక్కండి. సర్వర్‌లో ఎన్ని ఆర్డర్లు పడ్డాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే హాయిగా పడుకోవచ్చు.