పడవ కంటే ముందు బాయిలర్

నేను మొదట కొన్న ఆవిరి పడవ అయిదు రూపాయలు. హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి తేరునాడు, కింద జాతరలో ఒకాయన తొట్టి నీళ్లలో వదిలిపెట్టి అమ్ముతున్న రేకు పడవ అది. లోపల చిన్న నూనె దీపం, దాని పైన పల్చటి రేకు డబ్బీ, డబ్బీ నుంచి వెనక్కి వచ్చే రెండు సన్న గొట్టాలు. డబ్బీలో నీళ్లు ఆవిరై గొట్టంలోని నీళ్లను వెనక్కి తోస్తాయి, చల్లబడగానే మళ్లీ నీళ్లు లోపలికి వస్తాయి. టపటపా మోగుతూ పడవ ముందుకు పోతుంది. తామస్ పియో అనే ఫ్రెంచి ఆయన 1891లో ఇంగ్లండులో దీనికి పేటెంటు కోసం రాసుకున్నాడని చాలా ఏళ్లకు తెలిసింది. ఆవిరి పడవ పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు ఇప్పటికీ ఈ రేకు పడవే కొని విప్పి చూడమంటాను.

మాది హోసూరు దగ్గర అత్తిముగం. ఐటీఐలో ఫిట్టర్ పాసై సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పదేళ్లు లేత్ మీద నిలబడ్డాను. ఆ తర్వాత బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాసి, రెండో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకుని, కృష్ణగిరి వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. సీజన్ మొదలైతే తోతాపురి కాయల లారీలు గేటు బయట బారులు తీరతాయి, బాయిలర్ రాత్రీ పగలూ ఆరదు. నాకు పని నేర్పిన పెద్దాయన షిఫ్టుకు వచ్చేవాళ్లందరికీ ఒకే మాట చెప్పేవాడు: "ప్రెషర్ తర్వాత చూద్దువులేరా అబ్బయ్యా, ముందు గ్లాస్ చూడు." గ్లాస్ అంటే బాయిలర్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూపే గాజు గొట్టం. ప్రెషర్ పెరిగితే సేఫ్టీ వాల్వు అరిచి చెబుతుంది. నీళ్లు తగ్గితే ఎవరూ అరవరు. నిప్పు తగిలే రేకు వెనక నీళ్లు లేకపోతే ఇనుము ఎర్రబడి మెత్తబడిపోతుంది, లోపలి ఒత్తిడికి చినిగిపోతుంది. నేను నేర్చుకున్న విద్యలో సగం ఇదే.

పడవ మీద మనసు పడింది ధవళేశ్వరంలో, కాటన్ మ్యూజియం చూసినప్పుడు. 1852 నాటికి అక్కడ గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్, కాలువ పొలానికి ఎంతో పడవకూ అంతేనని జీవితమంతా వాదించాడు. 1860ల్లో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టి ఎగువ గోదావరిలో పొగ పడవలు నడపాలని పెద్ద ప్రయత్నమే చేశారు, 1871లో ఆపేశారు. ఇప్పుడు ఆ నది మీద తిరిగే లాంచీలన్నీ డీజిలువి. ఆవిరి మీద బతికినవాణ్ణి, ఒక్క చిన్న పడవనైనా ఆవిరితో నడిపి చూడాలనిపించింది.

కొందామంటే మన దగ్గర దొరకలేదు. ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు ఒడ్డున ఇలాంటి పాత పడవలకు మ్యూజియమే ఉంది. స్టువర్ట్ టర్నర్ అనే కంపెనీ మొదలుపెట్టిన చిన్న ఆవిరి ఇంజన్ల పోత సామాను ఇప్పుడు స్టువర్ట్ మోడల్స్ పేరుతో అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చు, కానీ హోసూరులో పుట్టి ఇంజను దిగుమతి చేసుకోవడానికి నాకు మనసొప్పలేదు. ప్యాటర్న్ చేసేవాళ్లు, పోత పోసేవాళ్లు, బోరింగ్ చేసేవాళ్లు అందరూ ఇక్కడే ఉన్నారు. అందుకే నా తీర్పు ఇది: పడవ డొల్ల పాతదే కొనండి, ఇంజను సొంతంగా చేసుకోండి, బాయిలర్ మాత్రం అనుమతి ఉన్న షాపులో చేయించండి. చేయి తిరిగిన వెల్డర్ స్నేహితుడు ఉన్నాడు కదా అని బాయిలర్ ఇంట్లో అతికించకండి.

నాది పదహారు అడుగుల డొల్ల. సిలిండర్ బోరు 75 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా అంతే. చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోల ప్రెషర్ దగ్గర పిస్టన్ మీద పడే బలం మూడు క్వింటాళ్లకు పైమాటే. నిమిషానికి మూడు వందల యాభై చుట్లు తిరిగితే ఒకటిన్నర హార్స్‌పవర్ వస్తుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కదా. కానీ ఆ పొడవు పడవ గంటకు పది కిలోమీటర్లు దాటదు, బలం రెట్టింపు చేసినా అలలు పెద్దవి చేసుకుంటుందే గానీ వేగం రాదు. ఆవిరి ఇంజను మొదటి చుట్టు నుంచే పూర్తి బలంతో తిప్పుతుంది కాబట్టి గేర్‌బాక్స్ అక్కరలేదు, పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితే చాలు. గంటకు ముప్పై లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. నా బాయిలర్‌లో పట్టేది ఇరవై లీటర్లే. అంటే పంపు ఆగితే గ్లాసులో నీళ్లు నిమిషాల్లో అడుగంటుతాయి. ఇంజనుకు కట్టిన పంపు ఒకటి, చేత్తో కొట్టేది ఒకటి, రెండూ ఉండి తీరాలి.

మొదటిసారి గట్టు మీదే ఆవిరి పెట్టాను. తొందరలో సిలిండర్లో నీళ్లు బయటికి వదిలే డ్రైన్ కాక్‌లు తెరవడం మరిచాను. చల్లటి సిలిండర్లో ఆవిరి నీళ్లైపోయి నిలిచింది. పిస్టన్ పైకి వచ్చింది, నీళ్లు నలగవు కదా, ఠంగుమని కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. మూడు నెలల పని ఒక్క చుట్టులో పోయింది. ఆ రాడ్ ఇప్పటికీ మా షెడ్డు గోడకు తగిలించి ఉంది, పని నేర్చుకోను వచ్చే పిలకాయలకు ముందు అదే చూపిస్తాను.

నీళ్ల సంగతి ఇంకొకటి ఉంది. మాకు దగ్గర్లో కెలవరపల్లి డ్యాము ఉంది, నీళ్లకు కొదవలేదు. కానీ ఎగువ నుంచి వచ్చే మురికితో ఆ నీళ్లు తెల్లటి నురగ కక్కుతాయి. అలాంటి నీళ్లు బాయిలర్లో పోస్తే లోపలా నురగ లేస్తుంది, గ్లాసు అబద్ధం చెబుతుంది, ఆవిరితో పాటు నీళ్లు సిలిండర్లోకి పోతాయి, మళ్లీ వంగిన రాడ్డే. బోరు నీళ్లు పోస్తే పక్కు కడుతుంది. నేను వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి వాడతాను. చెరువు నీళ్ల మీద పడవ తేలితే చాలు. కట్టెలు సర్వివి, మధ్యలో టెంకాయ చిప్పలు.

కాగితాలు. కొత్త బాయిలర్ల చట్టం 2025 మే 1 నుంచి అమల్లో ఉంది, 25 లీటర్ల లోపువి దాని కిందికి రావు. అయినా నేను పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు నీటి పరీక్ష చేయించాను, ఏటా చేయిస్తున్నాను. చట్టానికి ఇరవై లీటర్లు చిన్నదేమో గానీ పక్కన కూర్చున్న మనిషికి కాదు. పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వేరే ఉంది. చెరువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల అనుమతీ కావాలి. గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన ప్రమాదం తర్వాత ఇవన్నీ అడిగే ఆఫీసరు మీద నాకు కోపం రాదు. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ ఎక్కించను.

నడిచిన రోజు సంగతి రెండు మాటల్లో చెబుతాను. ప్రెషర్ అయిదు కిలోలకు వచ్చాక డ్రైన్‌లు తెరిచి, వాల్వు కొంచెం తిప్పాను. మోటారు మోత లేదు, ఊపిరి తీసినట్టు చిన్న చప్పుడు, పక్షులు కూడా లేచి పోలేదు. వెనక కూర్చున్న మా బావమరిది "బావా, ఇది నడుస్తోందా?" అని అడిగి, గట్టు కదలడం చూసి మాట్లాడకుండా ఉండిపోయాడు. నా చూపు మాత్రం గ్లాసు మీదే ఉంది.

మే నుంచి జూలై దాకా కృష్ణగిరి చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో బాయిలర్లు మండుతూ ఉంటాయి. పడవ కొనాలనుకునేవాళ్లు డబ్బు తీయకముందు ఒక సీజన్ అక్కడ అడిగి, సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ పక్కన నిలబడి పని చూడండి.