పేరు లేని పనిముట్లు

కవిత్వానికి లక్షణగ్రంథాలు ఉన్నట్లే మోటారు కార్లకూ ఉన్నాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ సందు ఎంత ఉండాలో, ఏ భాగాన్ని ఏ పనిముట్టుతో ఊడదీయాలో కంపెనీవారు వివరంగా రాసి పెడతారు. కాని లక్షణం చదివినంత మాత్రాన పద్యం రానట్లే, ఆ పుస్తకం బీరువాలో ఉన్నంత మాత్రాన కారు కదలదు. అందులో చెప్పిన పనిముట్టు ఊళ్లో దొరకాలి గదా!

నందిగామలో మా బావగారికి ఒక స్టాండర్డ్ హెరాల్డు కారు ఉన్నది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన ఈ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీవారు తయారుచేశారు. దీని చట్రాన్నే కురచచేసి, 1962లో ట్రయంఫ్‌వారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు చేశారు. రెండింటి రూపురేఖలూ దిద్దినవాడు ఇటలీ దేశస్థుడు మికెలోట్టి. అందుచేత మా బావగారు, "మాది సంసారపక్షం కారే గాని, దీని తమ్ముడు మాత్రం షోకిలా రాయుడు" అని గర్వంగా చెప్పుకుంటారు.

ఈ కారుకు ఆస్థాన వైద్యులు హైదరాబాదు రోడ్డు పక్క షెడ్డులోని మేస్త్రీగారు. డెబ్బయ్యేళ్లు దాటాయి. విజయవాడ ఆటోనగరులో లారీల మీద చెయ్యి తిరిగిన మనిషి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆ షెడ్డులో ఏం పని అని మీరు అడగవచ్చు. నాకు అక్కడ మాటలు దొరుకుతాయి. పానా, ఆకురాయి, పట్టకారు, దాగలి, కమాను పట్టీ — ఒక్కొక్క మాటా నూనె మరకతో సహా వినిపిస్తుంది. పేరు లేని వస్తువులు అంతకంటె ఎక్కువ.

హెరాల్డు బోల్టులు అంగుళాల లెక్కవి. ఇప్పుడు కొట్లో దొరికే పానాలు మిల్లీమీటర్లవి. ముప్పావు అంగుళం తలకు పంతొమ్మిది మిల్లీమీటర్ల పానా ఇంచుమించు అతికినట్లు సరిపోతుంది. కాని ఏడు పదహారో వంతుల అంగుళం తల పదకొండు మిల్లీమీటర్ల పానాలో దూరదు, వెంట్రుకవాసి ఎక్కువ. మేస్త్రీగారు ఆ పానా నోటిని ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, పిడికి ఎర్రరంగు పూసి వేరే పెట్టుకున్నారు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు ఉండాలి. గడ్డం గీసుకునే బ్లేళ్లు నాలుగు శుభ్రంగా తుడిచి ఒకదానిమీదొకటి పెడితే దాదాపు ఆ లెక్కే వస్తుంది. క్లచ్ పళ్లెం సరిగ్గా నడిమధ్యన కూర్చోవడానికి వడ్రంగి చెక్కిన గుండ్రటి కర్ర ఒకటి. ఇంజను కడుపులో శబ్దం వినడానికి బారెడు ఇనప కడ్డీ; ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటారు.

అన్నింటిలోకీ ఘనమైనది ఒక మందపాటి ఇనప రేకు. హెరాల్డు వెనక చక్రపు హబ్బు ఇరుసు కొసన పట్టిన పట్టు విడవదు. దానికోసం కంపెనీవారు ప్రత్యేకంగా ఒక పనిముట్టు చెప్పారు. మేస్త్రీగారు లారీ చట్రపు ముక్కకు, చక్రపు నాలుగు బోల్టులకూ సరిపడా నాలుగు బెజ్జాలు తొలిచి, నడుమ లావుపాటి బోల్టు పెట్టారు. ఇరుసు నట్టును పూర్తిగా తియ్యకుండా వదులుచేసి, రేకు తగిలించి, నడిమి బోల్టు బిగించి, దాని నెత్తిన సుత్తితో ఒక్కటి కొడతారు. కదలకపోతే మళ్లీ బిగించి వదిలేస్తారు. ఒక్కోసారి తెల్లవారేదాకా ఊరుకుని, ఎవరూ దగ్గర లేనప్పుడు ఢామ్మని ఊడుతుంది. నట్టు అడ్డం ఉండబట్టి హబ్బు ఎగిరి మీద పడదు. ఆ నట్టు సంగతి తెలియనివాడి చేతిలో ఈ రేకు చాలా ప్రమాదకరం.

ఈ మధ్య మేస్త్రీగారు షెడ్డు ఎత్తేయ నిశ్చయించారు. మోకాళ్లు సహకరించడం లేదు. కొడుకు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. పాత ఇనుము వ్యాపారి వచ్చి, అన్నీ కలిపి తూకానికి బేరం పెట్టాడు. కాటా మీద దాగలికీ ఆ రేకుకూ భేదం లేదు. నాకు గుండె కలుక్కుమన్నది.

నోటుపుస్తకం పట్టుకుని మూడు ఆదివారాలు కూర్చున్నాను. ఇది దేనికి, ఎలా పట్టాలి, ఎక్కడ జాగ్రత్త — అడిగి రాసుకుని, ఒక్కొక్కదానికి తీగతో అట్టముక్క కట్టాను.

"పేర్లెందుకండీ మాస్టారూ, చేతికి తెలుసుగా!" అన్నారాయన.

"చేతులు మారబోతున్నాయి గదండీ" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తానే చెప్పడం మొదలుపెట్టారు. రేకుకు "హబ్బు రేకు", బ్లేళ్లకు "నాలుగు బ్లేళ్ల కొలత" అని పేర్లు పెట్టాం. పాండిత్యం ఏమీ లేని పేర్లు. అయినా పిలిస్తే పలుకుతాయి. షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడు ట్రాక్టర్ల పనికి పోతున్నాడు. పానాలూ, కడ్డీ వాడికి ఇచ్చారు. హబ్బు రేకు, కర్ర, బ్లేళ్లు బావగారి ఇంటికి వచ్చాయి.

ఒక్కదాన్ని మాత్రం నన్ను రాయనివ్వలేదు. ముందు చక్రాల చుట్టు స్ప్రింగులను అణచడానికి వయసులో చేసుకున్న కొక్కేల జత అది. "స్ప్రింగు తప్పితే మనిషిని తీస్తుంది. దీనికి మాత్రం కంపెనీ సామానే వాడాలి. ఇది ఎవరికంటా పడగూడదు" అంటూ రంపంతో తానే రెండు ముక్కలు కోసి, వ్యాపారి కాటాలో పడేశారు.