గుడారము - గానశ్రవణము

మార్గశిరము ప్రవేశించి, మన్యపు చరియలను వలిసెపూలు పసుపువన్నెతో కప్పివేయు దినములలో, విశాఖలో మా ద్వారకా నగర్‌లోని ఆర్టీసీ కాంప్లెక్సున వేకువజామున నిలిచి చూచువారికి, అరకు బస్సు కొరకును పాడేరు బస్సు కొరకును వేచియుండు యువజనుల భుజములపై, గిటారుల నడుమను దుప్పట్ల నడుమను, గట్టిగా చుట్టి కట్టిన గుడారపు మూటలు కానవచ్చును. 2017లో అరకులోయలో వేడిగాలి బెలూన్ల పండుగ జరిగిన నాటినుండియు, 2025లో అచ్చట చలి ఉత్సవము జరిగిన పిమ్మట మరింతగాను, ఆరుబయట రాత్రి గడపి, పాట విని, ధింసా నృత్యమునకు తోడైన తుడుము మోతను చెవులార ఆలకించి, సూర్యోదయమును చూచి మరలి వత్తమను కోరిక మా నగర యువతలో ప్రబలినది. ఆ కోరిక నాకు మిక్కిలి ప్రియమైనది. నాలుగు గోడల నడుమ కూర్చుండి యంత్రము నుండి వెలువడు పాటను వినుటకంటె, ఆకాశము క్రింద పదిమందితో కలిసి వినుట మనస్సునకు ఎక్కువ ఆరోగ్యకరమని నా విశ్వాసము. అయినను వారి మూటలను పరికించినపుడు ఒక విచారము కలుగకపోదు. వెలను చూచి కొన్నవారును, రంగును చూచి కొన్నవారును పలువురు కలరు. తాము గడుపబోవు రాత్రి ఎట్టిదో యోచించి కొన్నవారు అరుదు.

సంగీతోత్సవమునకు పోవువాడు గుడారములో నివసించుటకు పోవుటలేదు; వినుటకు పోవుచున్నాడు. వినుట అనగా చెవులు తెరచుకొని యుండుట మాత్రమే కాదు. రాత్రియెల్ల తడిసిన దుప్పటిలో వణకినవాడును, దోమలతో పోరాడినవాడును, గాలికి కూలిన గుడ్డను మీదినుండి తొలగించుకొనుచు తెల్లవార్చినవాడును, మరునాటి కచేరిలో ఎంతటి విద్వాంసుడు పాడినను ఆవులింతలతోనే ఆలకింపగలడు. కచేరిలో తంబురా ఎట్టిదో, ఉత్సవములో గుడారము అట్టిది: శ్రుతి కలిసియున్నంతసేపు దానిని ఎవ్వరును ప్రత్యేకముగా గమనింపరు, శ్రుతి తప్పెనా, తక్కిన సమస్తమును చెడును. కావున మంచి గుడారమనగా మనచేత తన్ను తాను మరపింపజేయునది. ఈ ఒక్క ప్రమాణమును చేతబట్టుకొని అంగడికి పోయినచో ఎన్నిక సులభమగును.

గుడ్డపైకప్పు క్రింద కళను సేవించుట తెలుగువారికి నేటి వింత కాదు. 1885లో కడప మండలపు సురభి గ్రామమున జన్మించిన నాటకసమాజమువారు తెరలతోను, దీపములతోను, సంసారములతోను సహా ఊరూర దిగి, డేరాలు వేసి, నెలల తరబడి ప్రదర్శనము లిచ్చుచుండిరి. కావేరీతీరమున తిరువైయారులో, బెంగుళూరు నాగరత్నమ్మగారి ఉద్యమము వలన 1925లో ప్రతిష్ఠితమైన త్యాగరాజస్వామి సమాధిమందిరపు చెంత, పుష్య బహుళ పంచమినాడు పందిరి క్రింద వందలాది గాయకులు నేలపై కూర్చుండి, తెలుగు కీర్తనలను ఏకకంఠముగా పాడుట నేటికిని జరుగుచునే యున్నది. అయితే అక్కడ పందిరి కచేరికి గాని, శ్రోతల నిద్రకు కాదు. శ్రోత తన నీడను తానే వెంట గొనిపోవు సంప్రదాయము పాశ్చాత్యదేశములలో ప్రబలినది. 1969 ఆగస్టులో అమెరికాలో వుడ్‌స్టాక్ ఉత్సవము వానలోను బురదలోను జరిగినది; 1970లో ఇంగ్లండులోని సామర్సెట్ ప్రాంతమున ఒక పాడిరైతు పొలములో ఆరంభమైన గ్లాస్టన్‌బరీ ఉత్సవము నేడు రెండు లక్షలకు మించిన జనమునకు కొన్ని దినముల పాటు గుడారనగరమే అగుచున్నది. మన దేశమున అరుణాచల ప్రదేశ్‌లోని జీరో లోయలో, ఆపతానీల వరిచేల నడుమ, 2012 నుండి సెప్టెంబరు మాసమున జరుగు సంగీతోత్సవమునకు పోవువారు పలువురు వాన నడుమ గుడారములలోనే నిద్రింతురు. ఆ పొలములు నేర్పిన పాఠములు మన మన్యమునకును వర్తించును; కాని ప్రతి నేలకును తన సొంత రాత్రి కలదు. దానిని ముందుగా తెలిసికొనవలయును.

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులోగాని, అంతకంటెను ఎత్తైన లంబసింగిలోగాని, హేమంతపు రాత్రి వాన కురియుట అరుదు. అయినను వేకువకు గుడారము తడిసియుండుట అరుదు కాదు. నిర్మలమైన ఆకాశము క్రింద గుడ్డ తన వేడిని త్వరత్వరగా కోల్పోయి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును; అప్పుడు వెలుపలి మంచు వెలుపల చేరగా, లోపల నిద్రించువారి ఊపిరితో బయల్వెడలిన తేమ లోపలి వైపున చెమర్చి, బొట్లు బొట్లుగా ముఖముపై రాలును. గుడ్డ కారినదని అంగడివానిని నిందించువారిలో పలువురు నిజమునకు తమ ఊపిరిచేతనే తడిసినవారు. దీనికి ప్రతిక్రియ దళసరి గుడ్డ కాదు. రెండు పొరల గుడారము. లోపలి పొర గాలి ఆడు పలుచని వస్త్రముగాను, పైపొర నీరు చొరనిదిగాను ఉండి, రెండింటికి నడుమ జానెడు ఎడమున్నచో, తేమ పైపొరకు చేరి అచ్చటనే జారి నేలకు దిగును. నిద్రించువాని దుప్పటి పొడిగా మిగులును. అంగడిలో తక్కువ వెలకు దొరకు ఒంటిపొర గుడారములు సముద్రతీరమున సాయంకాలపు నీడకు చాలును గాని, మన్యపు మంచు రాత్రికి చాలవు.

వాన సంగతి వేరు. మన తీరమునకు అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా నగరముపైననే తీరము దాటి, వృక్షములను కూకటివేళ్ళతో పెకలించిన దినమును విశాఖవాసులెవ్వరును మరువజాలరు. అట్టి హెచ్చరిక యున్నప్పుడు ఎంత మంచి గుడారమైనను ఇంటనే యుండవలయును. సామాన్యమైన జల్లులకు మాత్రము, గుడారపు అట్టపై వ్రాసిన ఒక అంకెను చూడవలయును. గుడ్డపై ఎంత ఎత్తు నీటిస్తంభమును నిలిపినను నీరు కారకుండునో ఆ ఎత్తును మిల్లీమీటర్లలో తెలుపుదురు. పైపొరకు 2000 మొదలు 3000 వరకు ఉన్నచో మన వానలకు చాలును. అడుగుగుడ్డకు అంతకు మించి ఉండవలయును. ఏలయనగా మన మోకాలు, మోచేయి నేలపై ఒత్తినప్పుడు క్రిందనున్న చెమ్మ ఆ ఒత్తిడిచే పైకి చొరబడును. అడుగుగుడ్డ అంచులు బేసినువలె నలుప్రక్కల కొంత పైకి లేచియుండుటయు, కుట్ల వెంబడి లోపల పట్టీ అతికియుండుటయు తప్పక చూడదగిన విషయములు. నీరు ముందుగా దారి చేసికొనునది గుడ్డలో కాదు, సూదిపోట్లలో.

ఆకారము విషయమున గుమ్మటము వంటి గుడారమే సామాన్యునకు ఉత్తమము. రెండు కడ్డీలు ఒకదానినొకటి దాటి వంగి నిలుచు ఈ నిర్మాణము మేకులు దిగకముందే తన కాళ్ళపై తాను నిలుచును. నేల రాతిదైనను, స్థలము మార్చవలసివచ్చినను చిక్కులేదు. చేతినుండి విడిచిన క్షణమున విప్పారి నిలుచు గుడారములు యువకులను మిగుల ఆకర్షించుచున్నవి. విప్పుట క్షణకార్యమే, మడచుట మాత్రము అభ్యాసముతో గాని రాదు, మడచిన పిదపనైనను అది పెద్ద పళ్ళెమువలె వెడల్పుగా నుండి, అనంతగిరి ఘాట్‌రోడ్డు మలుపులలో క్రిక్కిరిసిన బస్సులో పొరుగువాని ఒడిలోనే చోటు వెదకికొనును. కడ్డీలు ఫైబర్‌గ్లాసువైనచో చౌక. కాని విరిగినపుడు పీచులు లేచి చేతులకు గ్రుచ్చుకొనును. అల్యూమినియపు కడ్డీలు వెల యెక్కువైనను తేలికయై, వంగునే గాని తటాలున విరుగవు. ఏటేట పోవు సంకల్పమున్నవారు ఈ అధికవ్యయమునకు వెనుదీయకుందురు గాక.

ఇరువురకని అట్టపై వ్రాసిన గుడారము ఇరువుర శరీరములకు మాత్రమే చాలును. వారి సంచులకు, చెప్పులకు, చలికోటులకు అందు తావులేదు. మనిషికి ఇంచుమించు 60 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే లెక్కించి తయారుచేయువారు ఆ సంఖ్యను వేయుదురు. కావున ఇరువురు పోవునపుడు ముగ్గురి గుడారమును, ముగ్గురు పోవునపుడు నలుగురి గుడారమును కొనుట వివేకము. అంతకు మించినచో బరువు పెరుగును. చలిలో పెద్ద గదిని మన ఒంటివేడి కాచజాలదు. వాకిట ముందు చిన్న పంచ వలె పైపొర సాగియున్నచో, బురద చెప్పులు వెలుపలనే విడిచి, పొడికాళ్ళతో లోనికి పోవచ్చును. మన ఇండ్లలో అనాదిగా పాటించు ఈ మర్యాద గుడారమునకు సైతము ఎంతో మేలు చేయును.

మన్యమునకు పోవువారికి దోమతెర అలంకారము కాదు. మన్యపు చలిజ్వరమును గూర్చి మన పెద్దలు చెప్పుకొన్న భయము నిరాధారము కాదు. మలేరియా నేటికిని ఆ కొండలను పూర్తిగా విడువలేదు. కావున ద్వారమునకును, గవాక్షమునకును సన్ననికన్నుల వల ఉండవలయును. అది చినుగకుండ, జిప్పు చివరివరకు మూసికొనునట్లు అంగడిలోనే పరీక్షింపవలయును. ఇట్టి వల గాలిని రానిచ్చును గనుక తేమ సమస్యయు తగ్గును. చలికి ఓర్వలేక కిటికీలన్నియు మూసివేయు అలవాటు మనలో నున్నది, అది తప్పు. చలికి తగినవి ఉన్నికోటు, రగ్గు, నేలచలి పైకెక్కకుండ క్రింద పరచు దళసరి పరుపు. గాలి నడ్డుట కాదు. ఇంకొక మాటను నేను మిక్కిలి గట్టిగా చెప్పదలచితిని. బొగ్గుల కుంపటినిగాని, గ్యాసుపొయ్యినిగాని గుడారములోనికి ఎన్నడును తేరాదు. నిప్పురవ్వ సోకిన నైలాను, పాలిస్టరు గుడ్డలు కరగి ఒంటికి అంటుకొనుట ఒక ఆపద. రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము గొనుట అంతకంటె ఘోరమైన ఆపద. నెగడు ఎంత మనోహరమైనను దాని చోటు గుడారములకు దూరముగా, గాలివాలునకు క్రిందుగా, పదిమంది చుట్టు కూర్చుండు బయలున మాత్రమే.

గుడారము వేయుచోటు గుడారమంత ముఖ్యము. వేదికకు అతిసమీపమున దిగినవారు మొదటిరాత్రి గర్వింతురు. రెండవరాత్రి ధ్వనివర్ధకములు పరీక్షించువారి చేతిలో నిద్ర గోల్పోవుదురు. పల్లపునేలలో నీరు చేరును, మంచుగాలి నిలుచును. గట్టుపైన గాలి కొట్టును. ఈ రెండింటి నడుమ, వాలు కొంచెముగా నున్న చోట, తల ఎత్తువైపున నుండునట్లు పరుండుట మేలు. తూర్పున చెట్టున్నచో ప్రాతఃకాలపు ఎండ ఆలస్యముగా తగిలి, మరి ఒక గంట నిద్రకు అనుజ్ఞ దొరకును. కాని ఎండుకొమ్మలున్న చెట్టు క్రింద ఎన్నడును దిగరాదు. బిగింపు త్రాళ్ళకు తెల్లని గుడ్డపేలికలు కట్టినచో చీకటిలో నడచువారు తట్టుకొని పడరు. వీటన్నింటికి ముందు చేయవలసిన పని మరియొకటి కలదు: కొన్న గుడారమును ఇంటిమేడపైన ఒకసారి నిలిపి, నీళ్ళు చల్లి, మడచి, సంచిలో పెట్టి చూడవలయును. మేడపై మేకు దిగదు గనుక ఇటుకలకు త్రాళ్ళు కట్టవచ్చును. కొండపై చీకటిలో టార్చిదీపము నోట గరచికొని నేర్చుకొనుటకంటె, ఇంటిమీద వెలుతురులో నేర్చుకొనుట గౌరవప్రదము.

ఇంటికి తెచ్చిన గుడారమును వెంటనే సంచినుండి తీసి ఆరవేయవలయును. సముద్రపుచెమ్మతో నిండిన మా విశాఖగాలిలో, తడిగా మడచిన గుడ్డ కొలది దినములలోనే బూజుపట్టి, పైపూత పొరలుగా ఊడిపోవును. ఇనుపమేకులు ఉప్పుగాలికి త్రుప్పుపట్టును. ఈ శ్రద్ధ చూపినవానికి ఒక్క గుడారము అనేక సంవత్సరములు సేవచేయును. బ్రిటనులోని స్వతంత్ర ఉత్సవ నిర్వాహకుల సంఘమువారు 2019లో, తమ దేశపు సంగీతోత్సవములలో ఏటేట రెండున్నర లక్షల గుడారములు పొలములలోనే విడువబడుచున్నవని ప్రకటించి, వానిని ఇంటికి గొనిపొండని శ్రోతలను వేడుకొనిరి. ఒక్క రాత్రికే పనికివచ్చునట్టి చౌక వస్తువును కొన్నవానికి మరునాడు దానిని మోయుటకు మనసొప్పదు. కావున మన్నిక యనునది పొదుపునకు మాత్రమే సంబంధించినది కాదు. అది నీతికిని సంబంధించినది. తిరిగి తెచ్చుకొన దలచని గుడారమును కొనకుండుటయే మేలు. పొరుగింటివారిని అడిగి ఎరవు తెచ్చుకొనుట, లేదా నలుగురు మిత్రులు కలిసి మంచిదానినొకదానిని కొని వంతులవారిగా వాడుకొనుట అంతకంటె శ్లాఘ్యము.

మనము గుడారము వేయు ఆ నేల ఒకరి జీవనాధారము. కోతలు ముగిసిన వరిమడియో, రాగిచేనో, కాఫీతోట అంచుననున్న పచ్చికబీడో, అది గిరిజన కుటుంబము మరల దున్నవలసిన భూమి. మనము పెరుకక మరచివచ్చిన ఒక్క మేకు రేపు ఎద్దుగిట్టలో దిగవచ్చును. మనము విడిచిన నైలానుత్రాడు మేకపిల్ల కడుపులో చేరవచ్చును. అందుచేత మేకులు ఎన్నియో ముందుగా లెక్కపెట్టుకొని, సంచిపై ఆ సంఖ్య వ్రాసికొని, తిరుగుప్రయాణమునకు ముందు మరల లెక్కించువాడే ఉత్సవమునకు అర్హుడైన శ్రోత. ఆ లోయవారు తరతరములుగా తమ తుడుముతోను, మోరితోను, డప్పుతోను ఆ నేలపై ఆడిపాడుచున్నారు. వారి యింట మనము అతిథులము. అతిథి పరుండిన చోటు మరునాడు గృహస్థునకు ఉపయోగింపవలయును గదా! రాత్రి మనలను పొడిగా నిద్రపుచ్చి, పగలు పాటకు మన చెవులను అప్పగించి, పోవునప్పుడు సాంతముగా మన వెంట తిరిగివచ్చునట్టి గుడారమునే కొనుడని, అరకు బస్సెక్కు మా పేట పిల్లలందరకు నేను చెప్పుచున్నాను.