అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది మేడమ్

నాకు ఇన్‌బాక్సులో ఎక్కువగా వచ్చే ప్రశ్న సాహిత్యం గురించి కాదు. "కాలేజీ సిస్టమ్‌లో తెలుగు టైప్ చేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది మేడమ్, ఏం చేయాలి?" అన్నదే. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ఈ ప్రశ్న అడగరు. హాస్టల్లో ఉంటూ, ల్యాబ్‌లో దొరికే గంట మీద ప్రాజెక్టు రాసుకునేవాళ్లు అడుగుతారు. వాళ్లలో ఎక్కువమంది మన పిల్లలే.

లిమిటెడ్ యూజర్ అనగానే మనకు కులం గుర్తొస్తుంది. పై మెట్టు, కింది మెట్టు, ముట్టుకోకూడని ఫోల్డర్లు. పోలిక నోరూరిస్తుంది కానీ కుదరదు. కులంలో పైవాడు తనంతట తాను కిందికి దిగడు. కంప్యూటర్ల లోకంలో మాత్రం అడ్మిన్ కూడా రోజువారీ పనికి మామూలు అకౌంటే వాడాలన్నది మంచి పద్ధతి. ఏ ప్రోగ్రామ్‌కైనా, ఏ మనిషికైనా పనికి సరిపోయేంత అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన వైరస్ మనం ఏ అకౌంట్‌లో ఉంటే ఆ అకౌంట్‌కున్న అధికారంతోనే చెలరేగుతుంది. ల్యాబ్‌లో నలభై మంది పెన్‌డ్రైవ్‌లు తిరుగుతుంటాయి. కాబట్టి తాళం ఉండాల్సిందే. నా పేచీ తాళంచెవి పట్టుకున్నవాళ్లతో.

ఇదివరకు నేను పనిచేసిన ఒక కాలేజీలో చూపులేని విద్యార్థి ఒకడుండేవాడు. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అతనికి కావాలి. ఉచితం, పైసా ఖర్చు లేదు. ఇన్‌స్టాల్ చేయమని అడిగితే ల్యాబ్ చూసే ఆయన నా మొహం కూడా చూడకుండా, "మీవాళ్లకి స్కాలర్‌షిప్పులొస్తాయిగా, ల్యాప్‌టాప్ కొనుక్కోమనండి" అన్నాడు. ఆ 'మీవాళ్లు' అన్న మాటలో నేనూ ఉన్నాను. అదే వారం ఇంకో లెక్చరర్ కొడుకు ఏదో గేమ్ కోసం అదే పాస్‌వర్డ్ కొట్టించుకుని వెళ్లాడు.

ఎన్‌వీడీఏలో పోర్టబుల్ కాపీ అని ఒక ఏర్పాటుంది. ఇంకో కంప్యూటర్‌లో దాన్ని పెన్‌డ్రైవ్ మీదికి తయారు చేసుకుంటే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే ల్యాబ్ సిస్టమ్‌లో నడుస్తుంది. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మరమనిషిదే, అయినా అర్థమవుతుంది. మరుసటి రోజే అతను పని మొదలుపెట్టాడు. ఒక చిక్కుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే ఆ తెర వచ్చిందంటే పోర్టబుల్ కాపీ దాన్ని చదవలేదు. కంప్యూటర్ ఒక్కసారిగా మూగబోయినట్టుంటుంది. పక్కవాళ్లు చెప్తే గానీ ఏమైందో తెలియదు. అందుకే అక్కడితో ఆగలేదు. ఆ సంగతి తర్వాత.

ఈ గొడవకు మూలం పాత అలవాటు. ఎక్స్‌పీ రోజుల్లో అందరూ అడ్మిన్‌గానే ఉండేవాళ్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లూ అలాగే అనుకుని రాశారు. సెట్టింగులు, ఫైళ్లు అన్నీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే దాచుకునేవి. మామూలు అకౌంట్‌కు అక్కడ రాసే హక్కు లేదు. 2007లో విస్టా వచ్చి అడుగడుగునా అనుమతి అడగడం మొదలుపెట్టాక అందరూ తిట్టుకున్నారు గానీ, ప్రోగ్రాములు మెల్లగా దారికొచ్చాయి. ఇప్పుడు క్రోమ్ లాంటివి యూజర్ సొంత ఫోల్డర్‌లోనే కూర్చోగలవు.

తెలుగుకైతే చాలావరకు పాస్‌వర్డ్ అక్కర్లేదు. విండోస్ 10లో భాషల సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు కీబోర్డు కలుపుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచీ అందులోనే ఉంది. ఫాంట్లు కూడా 2018 చివరి అప్‌డేట్ నుంచి మన అకౌంట్‌కు మాత్రమే ఎక్కించుకోవచ్చు. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు అలా పెట్టుకోండి. ఏదీ కుదరకపోతే బ్రౌజర్‌లో లేఖిని తెరిచి కొట్టుకోండి. లిబ్రే ఆఫీస్‌కూ పెన్‌డ్రైవ్ మీద నడిచే రూపముంది. కొన్నిచోట్ల పెన్‌డ్రైవ్ నుంచి ఏ ప్రోగ్రామూ నడవకుండా కట్టేస్తారు. అప్పుడు పెన్‌డ్రైవ్ దారులన్నీ మూసుకుపోతాయి. పాస్‌వర్డ్ విరగ్గొట్టే దొంగ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. దొరికితే ల్యాబ్‌లో ఎవరి పేరు ముందు రాస్తారో మీకు తెలుసు.

గైడ్ 'అను'లోనే కావాలంటే కష్టమే. మా ల్యాబ్‌లో అది అడ్మిన్‌గా తెరిస్తే తప్ప పలికేది కాదు. అలాంటి పాత ప్రోగ్రాములకు అకౌంట్ మొత్తాన్ని అడ్మిన్ చేయనవసరం లేదు. చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్ ఒక్కదాని మీద రాసే అనుమతిస్తే పనైపోతుంది. ఆ మాట మీరే వాళ్లకు చెప్పండి. పాస్‌వర్డ్ అడగకండి, పని చేసిపెట్టమని అడగండి.

అదీ కాగితం మీద అడగండి. ఆ విద్యార్థి చేత ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టించాను. ప్రోగ్రామ్ పేరు, ఎందుకు కావాలో, ఉచితమన్న సంగతి, విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 చెప్తోందన్న సంగతి, అంతే. అర పేజీ దాటలేదు. ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబరు వేయించి, నకలు మా దగ్గరుంచుకున్నాం. నోటితో అడిగినప్పుడు స్కాలర్‌షిప్పు గుర్తొచ్చిన ఆయనే పదకొండో రోజున వచ్చి రెండు సిస్టముల్లో ఎక్కించాడు. "మూడోదాంట్లో కూడా వేయండి సార్, అవి రెండూ ఎప్పుడూ ఖాళీ ఉండవు" అన్నాడు మావాడు. ఆయన వేయలేదు. రెండో దరఖాస్తు పెట్టాం.

అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం గురించి వచ్చే భాగంలో రాస్తాను. జై భీమ్.